అడ్డుపలక మీద రాయి

ఆవిడ నా కొట్టంలోకి వచ్చేసరికి నేనొక తలుపు రెక్కకి చిత్రిక పడుతున్నాను. ఆవిడ చేతిలో ఒక కాగితం. దాని మీద పెద్ద గడి, మధ్యలో నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత.

"ఇలాంటి పళ్ళెం ఒకటి చెక్కతో చేసిపెట్టాలి పెద్దాయనా," అంది.

కాగితం అటూ ఇటూ తిప్పి చూశాను. "మేకులు పెట్టుకోవడానికా?"

"కాదు, ఊళ్ళు పెట్టుకోవడానికి."

ఆవిడ ఆ మాట మామూలుగానే అంది. నాకు మాటలు తక్కువ. అర్థం కానప్పుడు చేతిలో పని ఆపి ఊరుకుంటాను. ఊరుకుంటే ఎదుటివాళ్ళే చెప్తారు. ఆవిడా అంతే, అక్కడున్న మొద్దు మీద పొట్టు దులుపుకుని కూచుని చెప్పడం మొదలెట్టింది.

వ్యవసాయ ప్రణాళికల ఆఫీసు నించి వచ్చిందట. మా ప్రాంతం మొత్తానికి సేద్యాన్ని ఎటు నడిపించాలో ఆలోచిస్తున్నారట. మా ప్రాంతమంటే కింద కాలవ నేలలు, నడుమ తోటలు, పైన మేముండే రాతిగట్టు. ఎక్కడ ఏం పెట్టాలో తేల్చేముందు ఎక్కడ ఏముందో చూడాలని ఆవిడ పట్టు.

"పైన ఒక గడిలో బలాలు, పక్క గడిలో బలహీనతలు," అని కాగితం మీద వేలు పెట్టి చూపించింది. "ఈ రెండూ మనలో ఉన్నవి. కింద ఒక గడిలో అవకాశాలు, దాని పక్కన ముప్పులు. ఈ రెండూ బయట్నించి వచ్చేవి. ఇన్నాళ్ళూ కాగితం మీద రాయించేదాన్ని. ఎక్కడికెళ్ళినా చదువొచ్చినాయన ఒక్కడే కలం పట్టుకుంటాడు, మిగతావాళ్ళు ఆయన మొహంలోకి చూస్తూ కూచుంటారు. అందుకని ఈసారి రాతలు వద్దనుకున్నా. ఎవరికి తోచిన వస్తువు వాళ్ళు తెచ్చి గడిలో పెట్టాలి."

మూడో తరగతితో బడి మానేసిన వాణ్ణి. ఆ పద్ధతి నాకు నచ్చింది.

"నాలుగు గళ్ళూ ఒకే కొలతా?" అని అడిగాను.

"ఏమో. అదే తెలుసుకుందామని."

కొలత తెలియనప్పుడు మేకు కొట్టకూడదు. పళ్ళేనికి అంచుల వెంబడి గాళ్ళు తీసి, అడ్డుపలకలు ఆ గాళ్ళలో అటూ ఇటూ జరిగేటట్టు పెట్టాను. ఒక గడి నిండితే పక్కదాన్ని కాస్త నొక్కి చోటు చేసుకోవచ్చు. తీసుకోవడానికి వచ్చినప్పుడు ఆవిడ ఆ పలకల్ని చాలాసేపు జరుపుతూ కూచుంది.

"ఇది నేనడగలేదే," అంది.

"నచ్చకపోతే మేకు కొడతా."

"వద్దొద్దు," అని పళ్ళేన్ని చంకలో పెట్టుకుంది.

అప్పటికే ఊళ్ళో ఆవిడకి నాలుగు గళ్ళమ్మ అని పేరు పడిపోయింది.

ఆ పళ్ళెం మీద అందరికన్నా ఎక్కువ ఆశ పెట్టుకున్నది మా కోడలు. ప్రణాళికలో ఒక గింజల ఇల్లుందని ఎక్కడో విన్నది. విత్తనాలు ఎండబెట్టి, చెరిగి, సంచులకెత్తే ఇల్లు. ప్రాంతం మొత్తానికి ఒక్కటే కడతారట. అది మా గట్టు మీదికి వస్తే మా కోడలు ఇక్కడ ఉంటుంది. రాకపోతే ఉండదు. సంగతి అంత సూటిగా ఉంది.

మా కోడలు ఉల్లిని గడ్డ కోసం కాదు, గింజ కోసం పండిస్తుంది. ఎంచిన ఎర్రగడ్డల్ని నాటితే కాడ లేచి, కొనన తెల్లటి పూలగుత్తి బంతిలా విచ్చుకుంటుంది. అది ఎండితే లోపల నల్లటి గింజ. అంతవరకూ ఆ పిల్ల చేతిలో పని. ఆ తరవాత ఆకాశం చేతిలో. గింజ ఆరబోసిన పట్టా మీద సరిగ్గా ఆ వారమే వాన పడుతోంది. పోయినేడు పడింది, అంతకుముందూ పడింది. తడిసిన గింజ మొలవదు. పట్నంలో వాళ్ళన్నయ్య ఒక బట్టల మిల్లులో మొగుడికీ పెళ్ళానికీ కూడా పని చూసిపెట్టాడు. గుత్తులు కోసేలోపు అవుననో కాదనో చెప్పాలి.

"నా గింజకి వాన తగలని చోటు ఒక్కటి దొరికితే నేనెక్కడికీ పోను మామయ్యా," అంది మా కోడలు. "లేదంటే ఈ కోతతో సరి. మీరూ ఉలులు సర్దుకోండి. మిమ్మల్ని వదిలేసి పోతాననుకోకండి. అక్కడ మాకు తలుపులు ఎవరు బిగిస్తారు?"

మా అబ్బాయి గుమ్మంలో కూచుని వింటున్నాడు. వాడిది నా పోలిక, పలకడు.

అదే సమయానికి అర్జీల బావ వచ్చాడు. మా మేనమామ కొడుకు, మా రైతు సంఘానికి పెద్ద. గట్టు మీద చేతిపంపు ఉన్నా, సంఘానికి రేకుల గది ఉన్నా, కరువు ఏడాది విత్తనాలు దొరికినా అన్నీ ఆయన పెట్టిన అర్జీల వల్లే. ఆయన మొహం వేలాడేసుకుని ఆఫీసు గడపలో నిలబడితే లోపలున్నవాళ్ళే లేచి కుర్చీ వేస్తారు.

"బావా, నీ తేనెపెట్టెల మీద గోతాలు కప్పెయ్," అన్నాడు వస్తూనే.

"ఎందుకు?"

"ఎందుకేంటి? నాలుగు గళ్ళమ్మ మీటింగు పెడుతోంది. మన దగ్గర ఫలానాది బాగుందని ఆవిడ కంట పడిందా, ఇంకంతే. వీళ్ళకేం లోటని కిందోళ్ళకి ఇచ్చేస్తారు. ఇన్నేళ్ళూ మనకి వచ్చిందంతా ఎలా వచ్చింది? లేదు, లేదు, లేదు అంటే వచ్చింది."

"మరి నా చేను బాబాయ్?" అంది కోడలు. "దాని మీద కూడా గోతం కప్పమంటావా?"

"నీ చేను గట్టు వెనకాలుంది తల్లీ. దేవుడే కప్పిపెట్టాడు. నువ్వు నోటి మీద కప్పుకుంటే చాలు."

"గింజే లేదంటే గింజల ఇల్లు ఎందుకిస్తారు?"

"చేతిపంపు ఎందుకిచ్చారు? నీళ్ళు లేవు కాబట్టి. గది ఎందుకిచ్చారు? గది లేదు కాబట్టి. గింజల ఇల్లు ఎందుకిస్తారంట?"

కోడలు నా వైపు చూసింది. నిజానికి ఆ లెక్క నాకూ సరిగ్గానే కనిపించింది. వెళ్ళి పెట్టెల మీద గోతాలు కప్పాను. ఈగలు వచ్చిపోయే సందు మాత్రం వదిలేశాను. అర్జీల బావ మాట వాటికెవరు చెప్తారు?

మీటింగు సంఘం గదిలో. రేకు కప్పు, పొడుగాటి బల్ల, ఇటూ అటూ బెంచీలు. బయట గోడకి ఒక కుళాయి, ఎంత బిగించినా కారుతూనే ఉంటుంది. బల్ల మధ్యలో నా పళ్ళెం పెట్టి నాలుగు గళ్ళమ్మ పక్కకి తప్పుకుంది.

"రండి. మీకు తోచింది తోచిన గడిలో పెట్టండి. ఎందుకు పెట్టారో ఒక్క ముక్క చెప్తే చాలు."

పగిలిన కుండపెంకు ఒకాయన తెచ్చాడు. "బావి ఎండిపోయిందండీ." బలహీనత గడిలో పెట్టాడు. ఇంకొకాయన మొన వంగిన గడ్డపార ముక్క తెచ్చాడు. "పలుగు దిగదు. అంతా రాయే." అదీ అక్కడే. ఒక ముసలావిడ ఖాళీ బుట్ట తెచ్చింది, పనికి మనుషులు దొరకడం లేదని. అది గడిలో పట్టక ఏటవాలుగా పెట్టింది. చిరిగిన గోతం, తుప్పు పట్టిన కొడవలి, పురుగు తిన్న ఆకు, అన్నీ ఒకే గడిలోకి. చివరికి అర్జీల బావ లేచాడు. గట్టు మీంచి తెచ్చిన రాయి ఒకటి, రెండు చేతులతో పసిబిడ్డని ఎత్తుకొచ్చినట్టు తెచ్చాడు.

"దూరం తల్లీ," అన్నాడు. "ఇది దూరం. ఈ గట్టు దాటి మా దగ్గరికి ఎవరూ రారు, ఏదీ రాదు. మమ్మల్ని పుట్టించి ఇక్కడ పెట్టి మర్చిపోయారు."

ఆ రాయి పెట్టడానికి అడ్డుపలకని బలాల గడి వైపు జరపాల్సి వచ్చింది. బలాల గడి సన్నటి సందు అయిపోయింది. అందులో మాత్రం ఏమీ లేదు.

"బలాలు?" అంది ఆవిడ.

"బలముంటే మిమ్మల్నెందుకు పిలుస్తాం తల్లీ?"

"అవకాశాలు?"

"మా అవకాశం మీరే," అన్నాడు బావ. అందరూ తలలూపారు.

మా కోడలు వెనక బెంచీ మీద ఒక మూత డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూచుంది. అందులో ఏముందో నాకు తెలుసు, పొద్దున్న కోసిన పూలగుత్తి. మూత మీద చెయ్యి వేసింది కానీ తియ్యలేదు. బావ మాట కాదనడం ఎలాగని ఆగి ఉంటుంది.

నాలుగు గళ్ళమ్మ పళ్ళెం చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఇన్ని ఊళ్ళు తిరిగాను. అన్నిచోట్లా బలాల గడే పొంగిపోయింది, లేనివి కూడా తెచ్చి పెట్టారు. ఇక్కడొక్కచోటే ఇలా ఉంది. గింజల ఇల్లు వాళ్ళందరికీ కావాలి, మరి మీకు వద్దా?"

"కావాలి కాబట్టే కదా ఇన్ని పెట్టాం," అన్నాడు బావ.

"అది లేనిచోట కట్టే ఇల్లు కాదండీ. గింజ బాగా పండేచోట కడతారు. లేనివాళ్ళకి ఇచ్చేది వేరే పథకం, వేరే ఆఫీసు."

అందరూ అర్జీల బావ వైపు చూశారు. బావ గొంతు సవరించుకుని పళ్ళెంలో చెయ్యి పెట్టి మెల్లగా కుండపెంకు పైకి తీశాడు.

"ఈ బావి ఉందే, మరీ అంత ఎండిపోలేదనుకోండి."

"ఇందాక ఎండిపోయిందన్నారు."

"పైకి ఎండింది. అడుగున ఊట ఉంది."

పక్కనించి ఎవరో అందుకున్నారు. "ఊటేంటి మావా, నిన్న మా బాల్చీ మునిగింది."

అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. కానీ నవ్వాక ఆవిడన్న మాట నవ్వులాట కాదు.

"ఇప్పుడు మీరేం చెప్పినా నేను రాసుకోలేనండీ. ఇందాకటిది నమ్మాలో ఇప్పటిది నమ్మాలో తెలీడం లేదు."

చేతికి తుప్పు అంటుకుందని కడుక్కోవడానికి బయటికి వెళ్ళింది. మా కోడలు డబ్బా ఒళ్ళోంచి తీసి కింద పెట్టేసింది. మా అబ్బాయి గోడకానుకుని పైన రేకుల వంక చూస్తున్నాడు. నా ఉలులకి ఎంత పెట్టె కావాలా అని నేను ఆలోచిస్తున్నాను.

ఎంతసేపటికీ ఆవిడ లోపలికి రాలేదు. నేను గుమ్మం దాకా వెళ్ళి చూశాను. కారుతున్న కుళాయి ముందు గొంతుక్కూచుని ఉంది. చేతులు కడుక్కోవడం మర్చిపోయింది. కుళాయి కింద తడిలో తేనెటీగలు బారుగా చేరి నీళ్ళు తాగుతున్నాయి.

"పెద్దాయనా, ఇవెక్కడివి?"

నేను ఆకాశం వంక చూశాను.

"చూడండి, తాగినదల్లా పైకి లేచి ఒకే వైపు పోతోంది. ఇదీ అటే. ఇదిగో, ఇదీ అటే." లేచి చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి పట్టుకుంది. "అటేముంది?"

"ముళ్ళు," అన్నాడు నా వెనకనించి అర్జీల బావ. "పాములు కూడా ఉంటాయి తల్లీ."

"ఈగలకి లేని భయం నాకెందుకు?"

ఆవిడ నడుస్తోంది. పైకి చూస్తూ నడుస్తోంది కాబట్టి రెండుసార్లు తూలింది. గదిలో జనమంతా వెనకాలే. కాసేపు ఆగుతుంది, ఒక ఈగ దాటేదాకా చూస్తుంది, మళ్ళీ నడుస్తుంది. నా కొట్టం వెనకాలకి వచ్చి ఆగింది.

"ఇవేంటి?"

"గోతాలు," అన్నాడు బావ.

"గోతాల కింద?"

అందరూ నా వంక చూశారు. ఇంక తప్పలేదు.

"పెట్టెలు," అన్నాను.

"ఎవరు చేశారు?"

"నేనే."

"చలేస్తుందని కప్పారా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. అర్జీల బావ తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. ఆవిడ గోతం అంచు ఎత్తి, ఈగలు వచ్చి వాలడం, కాళ్ళకి పుప్పొడి పూసుకుని లోపలికి దూరడం చూసింది.

"పుప్పొడి ఎక్కణ్ణించి తెస్తున్నాయి?"

అప్పుడు మా కోడలు ముందుకొచ్చింది. "రండి, చూపిస్తాను," అని గట్టు మీదికి దారి తీసింది. అర్జీల బావ ఏదో అనబోయాడు. ఆ పిల్ల వెనక్కి తిరగలేదు.

గట్టు ఎక్కి దిగితే మా చేను. అప్పుడు పూత నిండుగా ఉంది. కాడల మీద తెల్లటి బంతులు, చేను పొడుగునా ఒకే ఎత్తులో. దగ్గరికి వెళ్తే ఉల్లి ఘాటు కాదు, తియ్యటి వాసన వస్తుంది. ఈగల మోత ఎంత ఉందంటే పక్కమనిషితో మాట్లాడాలంటే గొంతు పెంచాలి. నాలుగు గళ్ళమ్మ గట్టు మీద అలాగే నిలబడిపోయింది. ఆ తరవాత ప్రశ్నలు మొదలయ్యాయి. గడ్డ ఎలా ఎంచుతావు, ఎప్పుడు నాటుతావు, కాడ పడిపోకుండా ఏం చేస్తావు. కోడలు అన్నిటికీ చెప్పింది. తడిసిన గింజ సంగతీ చెప్పింది. దాచిపెట్టిన సంగతి అడిగితే దానికీ సిగ్గుపడకుండా చెప్పింది.

"చుట్టుపక్కల ఇంకెవరూ వెయ్యరా?"

"ఈ గట్టు దాటి ఎవరొస్తారండీ?"

ఆవిడ చుట్టూ చూసింది. మూడు వైపులా రాయి, నాలుగోవైపు లోయ.

"విత్తనం కోసం చేలు వెతికేటప్పుడు మేం ముందు వెతికేది ఇదే," అంది. "పక్కన ఇంకో ఉల్లి పూయని చోటు. కింద కాలవ నేలల్లో ఒక చేను పక్కన ఇంకో చేను. ఈగ ఇక్కడ వాలి అక్కడ వాలి రెండూ కలిపేస్తుంది. అక్కడ నీళ్ళున్నాయి, దారి ఉంది, దూరం మాత్రం లేదు. డబ్బు పెట్టి కొందామన్నా దొరకదు." అని అర్జీల బావ వైపు తిరిగింది. "మీరు రాయి పెట్టారే, ఆ దూరం."

బావ మొహం విప్పారింది. "నేనే పెట్టాను తల్లీ."

"ఏ గడిలో పెట్టారో కూడా చెప్పండి," అన్నారు వెనకనించి ఎవరో.

"అయితే ఈ గట్టు మొత్తం మీద వేరే ఉల్లి ఎక్కడా పూయదు కదా?" అంది ఆవిడ. "అది మాత్రం ఖాయంగా తెలియాలి."

మా కోడలు నేల చూసింది. నాకు తెలుసు ఆ పిల్ల దేని గురించి తటపటాయిస్తోందో. పూయదు అంటే చాలు, గింజల ఇల్లు వచ్చేస్తుంది. ఇందాకట్నించీ ఊరంతా అబద్ధాలు చెప్పింది, ఇంకొకటి ఎక్కువేం కాదు.

"పూస్తుందండీ," అంది మెల్లగా. "మా బాబాయ్ పెరట్లో. తెల్ల ఉల్లి."

అర్జీల బావ ఉలిక్కిపడ్డాడు. "నాదా? నా పెరట్లోవి గుప్పెడు మొక్కలు."

"ఈగకి గుప్పెడు చాలు బాబాయ్. ఏటా నా ఎర్రగడ్డల్లో పాలిపోయినవి వస్తున్నాయి. ఏరి పక్కన పెడుతున్నా. కొన్నేళ్ళుగా మా ఇంట్లో కూరలోకి అవే."

"ఇన్నాళ్ళూ చెప్పలేదే నువ్వు."

"పెద్దవాళ్ళు. ఎలా చెప్పను? చెప్తే పీకమన్నట్టుంటుంది."

నాలుగు గళ్ళమ్మ తనలో తను అనుకున్నట్టు అంది. "ముప్పంటే బయట్నించి వచ్చేదని నేనే అందరికీ చెప్తూ వచ్చాను. ఇది బయటిదా, లోపలిదా?"

"పెరటిదండీ," అంది కోడలు.

ఆవిడ పీకమని అనలేదు. కొన్ని విత్తన క్షేత్రాల్లో మొక్కల చుట్టూ సన్నటి వలతో గూడు కడతారని, ఈగలు లోపలికి దూరవు కాబట్టి పూలని చేత్తోనే రుద్దుకోవాలని చెప్పింది. గట్టు మీద అందరూ ఒప్పుకుంటేనే తను రాయగలనంది. రేపు సాయంత్రం మళ్ళీ కూచుందామంది. అర్జీల బావ అప్పటికే గట్టు దిగిపోతున్నాడు.

మర్నాడు పొద్దున్నే కొలత పురికొస పట్టుకుని ఆయన పెరట్లోకి వెళ్ళాను. బావ గోడ పక్కన పీట వేసుకుని తన ఉల్లిమొక్కల ముందే కూచుని ఉన్నాడు.

"సర్దిచెప్పడానికి వచ్చావా?"

"కాదు."

"మరి?"

"కొలవడానికి."

మడి ఈ చివర మేకు పాతి పురి కట్టాను. ఆయన చూస్తూ ఊరుకున్నాడు.

"మా అమ్మ ఉల్లి ఇది. నీకు తెలుసుగా."

"తిన్నాను."

"ఆవిడ పోయాక ఈ గింజ ఒక్క ఏడు కూడా పోగొట్టలేదు. ఇప్పుడు దీన్ని తీసుకెళ్ళి జైల్లో పెట్టమంటున్నారు."

"తలుపు పెడతాను," అన్నాను. "గొళ్ళెం లోపలివైపు."

నవ్వకూడదనుకుంటూనే నవ్వేశాడు. వెంటనే మొహం ముడుచుకున్నాడు.

"పూలు చేత్తో రుద్దాలంట. ఈ వయసులో నన్ను తేనెటీగని చేస్తారా?"

"ఎగరక్కర్లేదుగా."

చాలాసేపు ఇద్దరం మాట్లాడలేదు. నాకది అలవాటే. ఆయనకి కాదు.

"ఆ పిల్ల నిజంగా ఏరుకుని తిన్నదా?"

"తిన్నది."

"ఎలా ఉందంది?"

"ఘాటు తక్కువంది."

"ఎర్రదానితో కలిస్తే అంతే. అసలుది తిని చూడమను." కాసేపాగి అన్నాడు. "ఇన్నేళ్ళూ పైవాళ్ళకి అర్జీలు పెట్టాను. నాకే ఒకరు అర్జీ పెట్టుకోవాల్సినంత పని ఉందని తెలీలేదు. ఆ పిల్ల వచ్చి ఒక్క మాట అడిగితే పోయేదిగా."

నేను పురి రెండో చివర ఆయన వైపు చాచాను. ఆయన దాని వంక చూశాడు. తరవాత పీట మీంచి లేచి, పురి అందుకుని, మడి అవతలి చివరికి నడిచాడు.

"లాగి పట్టుకో," అన్నాను.

"పట్టుకున్నాలే. ఎత్తు కూడా చూసుకో. లోపల నేను నిలబడాలి, గొంతుక్కూచోలేను."

సాయంత్రం మళ్ళీ అదే గది, అదే పళ్ళెం. పెంకు, గడ్డపార ముక్క, బుట్ట అన్నీ ఉన్నచోటే ఉన్నాయి, ఎవరూ తియ్యలేదు. అవీ అబద్ధాలేం కాదుగా. మా కోడలు డబ్బా మూత తీసి పూలగుత్తిని బలాల గడిలో పెట్టింది. తేనెపెట్టె గుర్తుగా నన్నేదైనా పెట్టమంటే మైనం ముద్ద పెట్టాను. కుండపెంకాయన కూడా లేచి, ఊట సంగతి నిజమేనని ఒప్పుకుని, ఒక చెంబుడు నీళ్ళు తెచ్చి పెట్టాడు. అడ్డుపలక వెనక్కి జరిగింది.

అర్జీల బావ తన తెల్ల ఉల్లి పట్టుకుని ముందుకొచ్చాడు.

"మా అమ్మ ఉల్లిని నేనే నా చేత్తో ముప్పు గడిలో పెడుతున్నా. అందరూ కళ్ళారా చూడండి. గూడు కట్టాక మళ్ళీ నేనే తీస్తాను. మధ్యలో ఎవరైనా ముట్టుకున్నారో, చెప్తాను."

"ఎవరికీ అక్కర్లేదులే మావా, ఘాటు లేదంట," అన్నారు ఎవరో. బావ వినిపించుకోలేదు.

ఇక రాయి మిగిలింది. మా కోడలు రెండు చేతులా ఎత్తి, బలహీనత గడిలోంచి తీసి బలాల గడి మీదికి తెచ్చింది.

"అక్కడ పెట్టకు," అన్నాడు మా అబ్బాయి.

గదిలో వాడి గొంతు విన్నవాళ్ళు తక్కువ. అందరూ తిరిగి చూశారు.

"అమ్మని మంచం మీద మోసుకుని కిందకి దిగాం," అన్నాడు. "సగం దారిలోనే పోయింది. ఆ దూరాన్ని బలం అనకు."

మా కోడలు రాయిని అలాగే పట్టుకుని నిలబడింది. అటు పెట్టలేదు, ఇటు పెట్టలేదు. ఆఖరికి రెండు గళ్ళ మధ్య ఉన్న అడ్డుపలక అంచు మీద ఆనించింది. పళ్ళెం చేసినప్పుడు నేను ఆ పలకని సన్నగా చిత్రిక పట్టాను, చూడ్డానికి బాగుంటుందని. రాయి ఒక పక్కకి ఒరిగింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

నాలుగు గళ్ళమ్మ చాలాసేపు నా చేతి వంకే చూసింది. గళ్ళ గురించి ఆవిడ ఏం చదువుకుందో నాకు తెలీదు. కానీ అప్పుడు ఆవిడ చూసిన చూపు, కుళాయి దగ్గర ఈగల్ని చూసిన చూపే.

"రెండు వైపులా అని రాస్తాను," అంది. "గింజకి ఇది బలం, మనిషికి బలహీనత. గింజల ఇల్లు అడుగుతాను. మంచం మోసే అవసరం లేకుండా కిందకి దిగే దారీ అడుగుతాను. రెండూ ఇస్తారని మాత్రం చెప్పలేను."

ఆవిడ వెళ్ళాక జవాబు రాలేదు. గుత్తులు ముదిరి, లోపల నల్లగింజ కనపడుతోంది. పట్నంనించి వాళ్ళన్నయ్య ఫోను మీద ఫోను. మా కోడలు కొడవలి నూరుకుంటూ, రేపు కోస్తామన్నప్పుడు కూడా ఏమీ తేల్చుకోలేదు. ఆ సాయంత్రం అర్జీల బావ వచ్చి సంఘం గది తాళం నా బల్ల మీద పెట్టాడు.

"ఆఫీసు ఎప్పుడిస్తే అప్పుడిస్తుంది. అప్పటిదాకా ఆ రేకులకింద ఆరబోసుకోమను. బెంచీలు బయట పడేశాను."

"మీటింగులు?" అన్నాను.

"నా ఉల్లి గూట్లో పెట్టుకుంటాం. గాలి బాగా వస్తుంది." గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "కుళాయి బాగు చెయ్యకు. ఈగలు తాగుతాయి."

నేను గది నిండా చెక్క అరలు బిగించాను. గింజ ఆరుతుండగానే ఎప్పటిలాగే వాన వచ్చింది. మా కోడలు గది గుమ్మంలో కూచుని, రేకుల మీద చప్పుడు విని, లోపలికి వెళ్ళి గింజలు చేత్తో కలిపి, మళ్ళీ వచ్చి కూచుంది. వాన వెలిశాక వాళ్ళన్నయ్యకి ఫోను చేసింది. "ఆ పని ఇంకెవరికైనా చెప్పు అన్నయ్యా. మాకిక్కడ పనుంది," అంది. మా అబ్బాయి వెళ్ళి గొడ్డలి తెచ్చి గది చూరుకి అడ్డం వస్తున్న కొమ్మ కొట్టేశాడు.

గింజల ఇల్లు మంజూరైందన్న మాట ఆ తరవాత వచ్చింది. దారి సంగతి ఇంకా రాలేదు. దాని మీద అర్జీల బావ మళ్ళీ అర్జీలు మొదలెట్టాడు. ఈసారి అర్జీలో ముందు ఉన్నవన్నీ రాసి, చివర లేనిది ఒక్కటే రాస్తున్నాడట. పొద్దున పూట మాత్రం దొరకడు. గూట్లో నిలబడి పూలగుత్తుల్ని అరచేత్తో రుద్దుతూ ఉంటాడు, దూడని నిమిరినట్టు. గొళ్ళెం లోపలివైపే ఉంది.

నాలుగు గళ్ళమ్మ ఇంకో ప్రాంతానికి వెళ్తూ పళ్ళెం బాగుచేయించుకోవడానికి వచ్చింది. గాళ్ళు అరిగి పలకలు వదులయ్యాయి. కొత్త పలకలు వేసి ఇచ్చాను. వాటిని జరిపి చూసింది.

"ఇంత మందం ఎందుకు పెట్టారు? గళ్ళు చిన్నవైపోవూ?"

బావ తెచ్చిన ఆ రాయి ఇప్పుడు సంఘం గది తలుపు గాలికి మూసుకుపోకుండా అడ్డంగా ఉంటోంది. వెళ్ళి తెచ్చి ఇచ్చాను. ఆవిడ రెండు చేతులా అందుకుని, అడ్డుపలక మీద పెట్టి, కాసేపు అలాగే పట్టుకుంది. తరవాత ఒక చెయ్యి తీసింది. ఇంకో చెయ్యీ తీసింది. రాయి కదల్లేదు.